నేచురల్ స్టాట్ ట్రిక్ సమీక్ష: అంకెల కంటే ముందు ఫిల్టర్లు చూడండి

మనకు హాకీ అంటే టర్ఫ్, పెనాల్టీ కార్నర్. టొరంటోలోనో డాలస్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్లలకు మాత్రం హాకీ అంటే ఐస్, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ), ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. ఆ లీగ్‌లో ఎవరు నిజంగా బాగా ఆడుతున్నారో, ఎవరు పక్కవాడి పుణ్యాన నెట్టుకొస్తున్నారో తేల్చుకోవాలంటే ముందు తెరవాల్సిన సైట్ నేచురల్ స్టాట్ ట్రిక్. మధ్యలో ఇంకెవరి గోలూ పడకుండా ఒకే ఆటగాడు వరసగా మూడు కొడితే దాన్ని నేచురల్ హ్యాట్ ట్రిక్ అంటారు. సైట్ పేరు దాని మీద చమత్కారం. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అడగదు. 2007-08 సీజన్ నుంచి లెక్కలున్నాయి.

ఆటగాడు ఐస్ మీదున్నప్పుడు తన జట్టు గోల్ కొడితే ప్లస్ ఒకటి, ఎదుటి జట్టు కొడితే మైనస్ ఒకటి: ఎన్‌హెచ్‌ఎల్ ఎన్నాళ్ళుగానో చూపిస్తున్న ఈ ప్లస్-మైనస్ ఎందుకు చాలదో ఒక్క ఉదాహరణ చాలు. 2022-23లో ఎరిక్ కార్ల్‌సన్ 101 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) చేసి, మేటి డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ అందుకున్నాడు. అదే ఏడాది అతని ప్లస్-మైనస్ మైనస్ 26! అతను ఆడిన శాన్ హోసే జట్టు బలహీనత అతని పద్దులో పడింది. పైగా ఈ లెక్కలో పవర్ ప్లే (ఎదుటి జట్టులో ఒకరు శిక్ష మీద బయటున్న సమయం) గోల్స్ రావు గానీ, ఇంకో ఆటగాణ్ణి దింపడానికి గోలీని (గోల్‌కీపర్‌ని) బయటికి లాగేశాక ఖాళీ నెట్‌లో పడ్డ గోల్ వస్తుంది. వెనకబడిన జట్టు చివరి నిమిషాల్లో ఎవర్ని నమ్ముకుని ఐస్ మీదికి పంపుతుందో, వాడికే మైనస్.

ఈ సైట్ గోల్స్ దగ్గర ఆగదు, షాట్ల దాకా వెళుతుంది. కోర్సీ అంటే గోల్ వైపు కొట్టిన ప్రతి ప్రయత్నం: గోలీ ఆపినవి, గోల్ అయినవి, పక్కకు పోయినవి, మధ్యలో ఎవరో అడ్డుకున్నవి. అడ్డుకున్నవి తీసేస్తే ఫెన్విక్. ఒక్కో షాట్‌కి దూరం, కోణం వంటివి చూసి గోల్ అయ్యే అవకాశాన్ని అంకెగా వేస్తే ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్). ఆటగాడు ఐస్ మీదున్నప్పుడు రెండు జట్లకూ కలిపి పుట్టిన ఎక్స్‌జీలో తన జట్టు వాటా ఎంతో శాతంలో వస్తుంది. 800 నిమిషాల్లో తన జట్టుకు 40, ఎదుటి జట్టుకు 35 పుడితే వాటా 53.3 శాతం. గంటకు లెక్కేస్తే 3.0, 2.63.

ప్లేయర్స్ పేజీలో ముందు నాలుగు మార్చాలి. సిచుయేషన్‌లో 5 ఆన్ 5 (గోలీలు కాక చెరో అయిదుగురు ఉన్న ఆట), అందులోనూ స్కోర్‌కీ వేదికకీ సవరించిన రకం. వెనకబడిన జట్టు తెగించి షాట్లు కొడుతుంది, ఆధిక్యంలో ఉన్నది వెనక్కి తగ్గి కాపు కాస్తుంది. ఆ సవరణ లేకపోతే ఓడే జట్టు ఆటగాళ్ళు అనవసరంగా మెరిసిపోతారు. రెండోది, వ్యక్తిగత పట్టిక నుంచి, ఆటగాడు ఐస్ మీదున్నప్పుడు రెండు జట్లూ చేసినది చూపే ఆన్-ఐస్ పట్టికకు మారడం. మూడోది మొత్తాలకు బదులు గంట రేటు. నాలుగోది కనీస నిమిషాలు: సీజన్ మధ్యలో 300, చివర్లో 500 పెట్టండి. ఈ చివరిది మర్చిపోతే మూడు మ్యాచ్‌లాడి మళ్ళీ మైనర్ లీగ్‌కు వెళ్ళిపోయిన కుర్రాడు పట్టికలో పైన కూర్చుంటాడు.

ఆ తర్వాత రిలేటివ్ అని ఇంకో ఎంపిక ఉంది. ఆటగాడు ఐస్ మీదున్నప్పటి వాటాలోంచి, అతను బెంచ్ మీదున్నప్పటి జట్టు వాటాను తీసేస్తుంది. పైన చెప్పిన 53.3 శాతం వాడి జట్టు అతను లేనప్పుడు 48 ఉంటే ప్లస్ 5.3 అన్నమాట. జట్టు ప్రభావం కొంత పోతుంది, తోటివాళ్ళ ప్రభావం మిగిలే ఉంటుంది.

దాన్ని తవ్వడానికే లైన్ టూల్. సైట్ మొత్తంలో విలువైనది ఇదే. జట్టును, ఇద్దరు ఆటగాళ్ళను ఎంచుకుంటే ఇద్దరూ కలిసున్నప్పుడు, ఒక్కొక్కరు విడిగా ఉన్నప్పుడు, ఇద్దరూ లేనప్పుడు ఏం జరిగిందో వరసలుగా వస్తుంది. కలిసి 54 శాతం, రెండోవాడు లేకుండా మొదటివాడు 49, మొదటివాడు లేకుండా రెండోవాడు 54 అనుకోండి. బండి లాగుతున్నది రెండోవాడేనని అనుమానించవచ్చు. అనుమానమే, తీర్పు కాదు. విడిగా ఆడిన నిమిషాలు 150 దాటాయా, అప్పుడు రెండోవాడి పక్కన ఇంకో స్టార్ ఉన్నాడా అని కూడా చూడాలి. ఇక డిఫెన్స్ జంట 1,400 నిమిషాల్లో 1,300 కలిసే ఆడితే ఈ పరికరం చేతులెత్తేస్తుంది. విడదీయడానికి అక్కడ సరుకే లేదు.

ఆగిన ఆట మళ్ళీ మొదలైనప్పుడు ఆటగాడు ఎవరి గోల్ వైపు దిగాడో చెప్పే జోన్ స్టార్ట్ శాతాన్ని చూసి "వీడికి ఎప్పుడూ ఎదుటివాళ్ళ గోల్ దగ్గరే మొదలుపెట్టే సుఖం" అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. ఆట ఆగకుండానే ఐస్ మీదికి దిగే షిఫ్టులే (ఐస్ మీద ఆడే విడతలే) ఎక్కువ, ఆ శాతంలో అవి లెక్కకు రావు. పక్కనే ఆన్ ది ఫ్లై స్టార్ట్స్ అనే గడి ఉంది, ముందు అది చూడండి.

పీడీఓ గడిని పొగడ్తగా చదవకండి. అది ఆన్-ఐస్ షూటింగ్ శాతానికి (తన జట్టు షాట్లలో గోల్ అయినవి) సేవ్ శాతం (ఎదుటి జట్టు షాట్లలో గోలీ ఆపినవి) కలిపితే వచ్చే మొత్తం, చివరికి 1.000 (అంటే 100 శాతం) చుట్టూ చేరుకుంటుంది. ఇరవై మ్యాచ్‌లకు 1.040 కనిపిస్తే అదృష్టం పాలు ఎక్కువని అర్థం. వ్యక్తిగత పట్టికలో మొదటి అసిస్టులు (గోల్‌కి ముందు చివరి పాస్), రెండో అసిస్టులు (దానికి ముందు పాస్) విడివిడిగా ఇవ్వడం మెచ్చుకోదగ్గ పని. రెండో అసిస్టులు ఒక ఏడాది కుప్పగా వచ్చి మరుసటేడు మాయమవుతాయి.

లోపాలు చాలావరకు మూలంలోవి. సైట్ వాడేది ఎన్‌హెచ్‌ఎల్ ఇచ్చే ప్లే-బై-ప్లే, అంటే మ్యాచ్‌లో ఏం జరిగిందో వరసగా రాసిన చిట్టా. అందులో అడ్డుకున్న షాట్‌కి, కొట్టిన చోటు కాకుండా అడ్డుపడిన చోటు నమోదవుతుంది. షాట్‌కి ముందు పాస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉండదు. అందుకే గోలీని ఇటునుంచి అటు పరిగెత్తించే అడ్డపాస్‌లు వేసే ఆటగాడికి ఎక్స్‌జీ అన్యాయం చేస్తుంది. హిట్స్ (ఒంటితో ఢీకొట్టడం), గివ్‌అవేల (పక్‌ని ఎదుటివాళ్ళకు పోగొట్టుకోవడం) లెక్క ఒక్కో రింక్‌లో రాసేవాడి తీరును బట్టి మారుతుంది. వాటిని పోల్చాలంటే సొంత రింక్‌లో కాకుండా బయట ఆడిన మ్యాచ్‌లు మాత్రమే ఎంచుకోండి. హై డేంజర్ ఛాన్స్ (గోల్ అయ్యే అవకాశం బాగా ఉన్న షాట్) కూడా నియమంతో వేసిన ముద్రే: షాట్ కొట్టిన ప్రాంతానికి 1 నుంచి 3 పాయింట్లు, రష్ (వేగంగా దూసుకొచ్చిన దాడి) లేదా రీబౌండ్ (తిరిగొచ్చిన పక్‌ని మళ్ళీ కొట్టడం) అయితే ఒకటి కలుపు, బ్లాక్ అయితే ఒకటి తీసెయ్. 3, ఆపైన వస్తే హై డేంజర్. ప్రాంతాల మధ్య గీతకు ఒక అడుగు ఇవతలా అవతలా పడిన షాట్లకు వేర్వేరు ముద్రలు పడతాయి, ఎక్స్‌జీలో ఆ ఇబ్బంది ఉండదు.

గోలీల పట్టికలో జీఎస్ఏఏ (సగటు గోలీ కంటే ఎన్ని గోల్స్ ఎక్కువ ఆపాడో) కంటే ఎక్స్‌జీ అగైనెస్ట్‌లోంచి (తన మీదికి వచ్చిన షాట్ల ఎక్స్‌జీ) గోల్స్ అగైనెస్ట్ (నిజంగా పడ్డ గోల్స్) తీసేసి చూడటం మేలు. మొదటిది లీగ్ సగటు సేవ్ శాతంతో పోలుస్తుంది కాబట్టి గట్టి డిఫెన్స్ వెనక నిలబడిన గోలీకి కలిసొస్తుంది.

పోటీ సైట్లలో మనీపక్ కూడా ఉచితమే, షాట్‌కో వరస చొప్పున డేటా దించుకోవాలంటే అదే నయం. ఇవాల్వింగ్ హాకీ చందా అడుగుతుంది. తోటివాళ్ళ, ప్రత్యర్థుల ప్రభావాన్ని రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో వేరుచేసే ఆర్‌ఏపీఎం అనే కొలమానం అక్కడ ఉంది కాబట్టి, కాంట్రాక్టులూ ట్రేడులూ మీద లోతుగా రాసేవాళ్ళకు ఆ డబ్బు దండగ కాదు. వారానికి రెండు మ్యాచ్‌లు చూసేవాళ్ళకు అవసరం లేదు. స్కేటింగ్ వేగం, షాట్ వేగం కావాలంటే 2023 అక్టోబరులో మొదలైన ఎన్‌హెచ్‌ఎల్ ఎడ్జ్ చూడాలి, ఇక్కడ అవి దొరకవు.

ఫోన్‌లో మాత్రం చిరాకే. గడులు పక్కకు జరుపుతూ పోతుంటే ఆటగాడి పేరు కనుమరుగవుతుంది. కంప్యూటర్‌లో తెరవండి, లేదా సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైల్) దించుకోండి. దించేటప్పుడు ఫిల్టర్లన్నీ ఫైల్ పేరులోనే రాసుకోండి, ఎందుకంటే ఆ వివరం ఫైల్ లోపల కనిపించదు. నెల తర్వాత తెరిస్తే అది 5 ఆన్ 5 పట్టికో, పవర్ ప్లే కలిసినదో మీకే తెలియదు.