కార్బన్ పన్నా, కోటా మార్కెట్టా?

కర్బన ఉద్గారాలకు వెల కట్టడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. పన్ను వేస్తే టన్నుకు ఎంత కట్టాలో కంపెనీలకు ముందే తెలుస్తుంది. ఉద్గారాలు ఎంత తగ్గుతాయో ఎవరూ చెప్పలేరు. ఫిన్లాండ్ 1990లో, స్వీడన్ 1991లో ఈ బాట పట్టాయి.

కోటా పద్ధతి దీనికి తలకిందులు. మొత్తం ఉద్గారాలకు హద్దు గీసి, ఆ మేరకే పర్మిట్లు ఇస్తారు. పర్మిట్లు మిగిలిపోయినవాళ్లు అమ్ముకోవచ్చు, చాలనివాళ్లు కొనుక్కోవాలి. హద్దు ఖాయం, టెన్షనంతా ధరతోనే. యూరోపియన్ యూనియన్ 2005లో మొదలుపెట్టినప్పుడు పర్మిట్లను అవసరానికి మించి, అదీ చాలావరకు ఉచితంగా పంచేసింది. 2007 చివరికి ధర దాదాపు సున్నాకి పడిపోయింది! మిగులును పక్కకు తీసే ఏర్పాటు 2019లో గానీ అమల్లోకి రాలేదు.

చిన్న యంత్రాంగం ఉన్న దేశానికైతే నా ఓటు పన్నుకే. ఇంధనం మీద ఎలాగూ వసూలు చేస్తున్నదానికే జోడిస్తే సరి. పన్ను అనగానే ఓటర్లు మండిపడతారు, అది వేరే సంగతి.