స్పూరియస్ ఇంటరప్టులు: లినక్స్ కాపాడుతుంది, కానీ సరిగా చెప్పదు

ఇంట్లో ఫైల్ సర్వర్‌గా పెట్టుకున్న పాత డెస్క్‌టాప్‌లో ఏళ్లుగా లినక్సే వాడుతున్నాను. "ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్", దాని కిందే "డిసేబ్లింగ్ ఐఆర్‌క్యూ 16" అని లాగ్‌లో చాలాసార్లు కనబడింది. ఇంటరప్ట్ అంటే పరికరం "నన్ను చూడు" అని ప్రాసెసర్‌కి పంపే సిగ్నల్, ఐఆర్‌క్యూ అంటే అది వచ్చే లైను నంబరు. ఎవరూ నాది అనని ఇంటరప్టే స్పూరియస్. ఆ తర్వాత యూఎస్‌బీ డిస్కుకి బ్యాకప్ పెడితే తెల్లారినా అవ్వదు.

పాత పీసీఐ (మదర్‌బోర్డుకి కార్డులు తగిలించే) పద్ధతిలో ఒకే ఇంటరప్ట్ లైనును నాలుగైదు పరికరాలు పంచుకుంటాయి. లైను మోగగానే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఒక్కో డ్రైవర్‌నీ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌ని) "నీదేనా?" అని అడుగుతుంది. అందరూ కాదంటే లైను ఆగకుండా మోగుతూనే ఉంటుంది, ప్రాసెసర్‌కి ఇంకో పని చేసే తీరిక దొరకదు. అందుకే లినక్స్ లెక్క పెడుతుంది. లక్ష ఇంటరప్టుల్లో 99,900 కన్నా ఎక్కువ ఎవరివీ కాకపోతే ఆ లైను కట్ చేసేస్తుంది. ఎప్పుడో ఒకటి దారి తప్పి వస్తే పట్టించుకోదు. కట్ చేశాక కూడా సెకనులో పదో వంతుకోసారి డ్రైవర్లను తనే వెళ్లి అడుగుతుంది. అందుకే డిస్కు నెమ్మదించినా మెషీన్ పడిపోదు. ఈ పనితనానికి పూర్తి మార్కులు వేస్తాను.

నా కోపమంతా మెసేజ్ మీదే. అందులో ఆ లైను మీదున్న డ్రైవర్ల ఫంక్షన్ల పేర్లు వస్తాయి. చూసినవాళ్లు యూఎస్‌బీ డ్రైవర్‌దే తప్పనుకుంటారు. నిజానికి అవి "మాది కాదు" అన్నవాళ్ల పేర్లు. దొంగ పేరు రాయాల్సిన చోట ఇరుగుపొరుగు పేర్లు రాసినట్టు ఉంటుంది. నా మెషీన్‌లో గొడవ చేసింది డ్రైవరే లోడ్ కాని ఒక పాత పీసీఐ కార్డు. దాని పేరు ఆ జాబితాలో ఉండే అవకాశమే లేదు.

దాన్ని పట్టించింది ఎల్‌ఎస్‌పీసీఐ, అంటే పీసీఐ పరికరాల జాబితా చూపే కమాండ్. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) "-వీవీ" పెట్టి నడిపితే స్టేటస్ లైనులో "ఐఎన్‌టీఎక్స్+" అని కనబడే పరికరమే లైనును లాగి పట్టుకున్నది. పీసీఐ 2.3 వెర్షన్ నుంచి ఈ గుర్తు (బిట్) ఉంది, అంతకన్నా పాత కార్డుల్లో ఉండదు. ఇంత పనికొచ్చే సమాచారాన్ని కెర్నెల్ మెసేజ్‌లోనే ఇస్తే ఎంత బాగుండేది! దానికి బదులు "ఐఆర్‌క్యూపోల్" పెట్టి బూట్ చేయమంటుంది. అది ప్రతి టైమర్ టిక్‌కీ హ్యాండ్లర్లన్నిటినీ (ఇంటరప్టుకి బదులిచ్చే డ్రైవర్ ఫంక్షన్లని) పిలుస్తుంది. జబ్బు అలాగే ఉంటుంది, ప్రాసెసర్ సమయం మాత్రం ఖర్చవుతుంది. ఆ రాత్రికి బండి నడవాలంటే సరే, అంతకు మించి వద్దు.

ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ తీరు వేరు. "ఇంటరప్ట్ స్టార్మ్ డిటెక్టెడ్" అని చెప్పి లైను వేగం తగ్గిస్తుంది, కట్ చేయదు. నాకు అదే నచ్చుతుంది. పరికరం పేరు మాత్రం అదీ చెప్పదు.

"స్పూరియస్ 8259ఏ ఇంటరప్ట్: ఐఆర్‌క్యూ7" అని ఒక్కసారి కనబడితే టెన్షన్ వద్దు. ప్రాసెసర్ అందుకునేలోపే సిగ్నల్ పోతే 8259ఏ అనే ఆ పాత ఇంటరప్ట్ చిప్ 7 అని చెబుతుంది, అంతే. కొత్త కార్డులు ఎంఎస్ఐ (లైనుకి బదులు మెసేజ్‌గా ఇంటరప్ట్ పంపే పద్ధతి) వాడతాయి, అక్కడ లైను పంచుకోవడమే ఉండదు కాబట్టి ఈ బాధ చాలా అరుదు.

పాత మెషీన్ నడిపేవాళ్లు "/ప్రాక్/ఐఆర్‌క్యూ/16/స్పూరియస్" ఫైలు అప్పుడప్పుడు చూడండి, 16 స్థానంలో మీ నంబరు పెట్టుకుని. అందులో "అన్‌హ్యాండిల్డ్" అంకె గబగబా పెరుగుతుంటే లైను కట్ అయ్యేదాకా ఆగకుండా కార్డులు ఒక్కొక్కటిగా తీసి చూడండి.