మైదానంలో తెర కట్టే అన్నదమ్ములు, 17కి 5 వికెట్లు

ఈ అన్నదమ్ముల తెర సర్వీసు బాగుంది, పిలవచ్చు. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తీరిగ్గా రాస్తాను.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు తెర, ప్రొజెక్టరు, సౌండు బాక్సులు అద్దెకి తెస్తారు. అమ్మవారి సంబరాలకి సినిమాలు, ఐపీఎల్ రోజుల్లో మ్యాచ్‌లు వేయడం వాళ్ళ పని. నేను గార మండలంలో ఒక హైస్కూల్లో పీఈటీని. జోనల్స్ దగ్గర పడుతున్నాయి, మా కబడ్డీ ఆడపిల్లలేమో కోర్టులోకి దిగకముందే ఓడిపోయినట్టు నడుస్తున్నారు. కిందటేడు పెద్ద బడి జట్టు చేతిలో లోనా (జట్టు మొత్తం ఔటవడం) మీద లోనా తిని వచ్చారు, అది ఇంకా ఒంట్లోంచి పోలేదు. నేను చెప్పే మాటలన్నీ వాళ్ళకి కంఠతా వచ్చేశాయి. అందుకని 1983 ప్రపంచ కప్పు మీద తీసిన ‘83’ తెలుగు డబ్బింగు వేయిద్దామనుకున్నాను. ఫోన్లో చూపించొచ్చు కదా అని మా ఇంట్లో అన్నారు. ఇలాంటి సినిమా ఫోన్లో ఎవరికి వారు చూస్తే సగమే చూసినట్టు. పక్కనున్న పిల్ల ఊపిరి బిగబట్టడం మనకి తెలియాలి.

మా ఊళ్ళో సాయంత్రమయ్యేసరికి కళింగపట్నం వైపు నుంచి సముద్రపు గాలి ఈడ్చి కొడుతుంది. మామూలు తెరైతే పొట్ట ఉబ్బి, మొహాలన్నీ సాగిపోయి కనిపిస్తాయి. వీళ్ళు తెర అడుగు అంచులో లావుపాటి తాడు పెట్టి కుట్టించారు. ఆ తాడుకి మూరకో చిన్న ఇసుక సంచి వేలాడదీస్తారు. పక్క అంచులకి ఇత్తడి కన్నాలు, వాటిలోంచి నవారు లాగి సరుగుడు కర్రలకి బిగిస్తారు. ఆట నడుస్తున్నంతసేపూ తమ్ముడు మధ్యమధ్యలో లేచి, ముడులన్నీ చీకట్లోనే చేత్తో తడిమి చూసుకుని వచ్చి కూర్చునేవాడు. ఎవరూ చెప్పలేదు అతనికి. పని మీద అంత శ్రద్ధ ఉన్నవాళ్ళకి డబ్బులివ్వడం నాకు ఇష్టంగా ఉంటుంది.

సౌండు గురించి ముందే ఒక మాట అడిగాను: గుండెలదిరే బేస్ వద్దు, మాట వినపడాలి అని. అన్నగారు బాక్సుల్ని తెర కాళ్ళ దగ్గరే పెట్టి, బేస్ తగ్గించి, వెనక వరసలో తనే కూర్చుని విని చూశాడు. జనరేటర్‌ని ప్రహరీ అవతల, వంటగది వెనక్కి తోయించాడు. దాని విలువ సినిమా మధ్యలో తెలిసింది.

ఎందుకంటే ఈ సినిమాలో ప్రాణమంతా చప్పుడు లేని చోట ఉంది. టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేతో మ్యాచ్. గవాస్కర్ సున్నా, శ్రీకాంత్ సున్నా. కపిల్ దేవ్ దిగేసరికి స్కోరు 9కి 4. కాసేపటికి 17కి 5. డ్రెస్సింగ్ రూములో ఎవరూ ఎవరి మొహమూ చూడరు. మా మైదానంలో కూడా చిన్న శబ్దం లేదు. ముందు వరసలోంచి ఒక పిల్ల మాత్రం “అయిపోనాది మేడమ్, మనోలు ఓడిపోనారు” అంది. కప్పు ఎవరు గెలిచారో ఆ పిల్లకి తెలుసు! పొద్దున్నే నేనే చెప్పాను. అయినా ఆ మాట అంది.

ఇలాంటి సినిమాల్లో నన్ను కట్టిపడేసేది ఇదే. చివర తెలిసీ గుండె కొట్టుకోవడం. కల్పిత కథైతే గెలిపించేది రచయిత కాబట్టి భయం ఉండదు. నిజంగా జరిగిన దాంట్లో, ఆ 17కి 5 దగ్గర నిలబడ్డవాళ్ళకి చివర ఏమవుతుందో తెలియదు. మనం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాం, వాళ్ళకి తెలియనిది కాసేపు మనకీ తెలియకుండా పోతుంది. అందుకే సినిమా మంచిదో కాదో నేను ఫైనల్ సీను చూసి చెప్పను. అడుగుకి పడిపోయిన చోట ఎంతసేపు నిలబడిందో చూసి చెప్తాను. కొన్ని సినిమాలు అక్కడ ఒక పాట వేసి, పరుగులు పెట్టించి, గబగబా దాటేస్తాయి. ‘83’ దాటేయదు.

17 నుంచి 78కి 7, అక్కణ్ణుంచి 140కి 8. అప్పుడు వికెట్ కీపర్ కిర్మాణీ బ్యాటు పట్టుకుని వస్తాడు. సరిగ్గా అక్కడే బొమ్మ ఆగిపోయి చక్రం తిరగడం మొదలైంది! సినిమా నా ఓటీటీ ఖాతాలోంచే, ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తోంది. మా దగ్గర సిగ్నల్ అంతంతే. పిల్లలు గోల పెట్టే లోపే తమ్ముడు వేరే నెట్‌వర్క్ ఉన్న ఇంకో ఫోను తీసి కలిపేశాడు. సముద్రం ఒడ్డు ఊళ్ళకి రెండు సిమ్ములు లేకుండా రామని చెప్పాడు. మెచ్చుకోవాల్సిన ముందుచూపు.

ఆ తొమ్మిదో వికెట్‌కి ఇద్దరూ విడిపోకుండా 126 పరుగులు చేశారు. కపిల్ 175, కిర్మాణీ 24, ఇద్దరూ నాటౌట్. మొత్తం 60 ఓవర్లలో 266, గెలుపు 31 పరుగులతో. ఆ రోజు అక్కడ టీవీ కెమెరాలు లేవు. ఆ 175 వీడియో ఎక్కడా దొరకదు. సినిమావాళ్ళు ఆ మైదానానికే వెళ్ళి తీశారు. మామూలుగా సినిమా నిజానికి నకలు. ఈ ఇన్నింగ్స్ విషయంలో మాత్రం, చూడాలనుకునేవాళ్ళకి సినిమా ఒక్కటే దిక్కు.

అయిపోయాక ఒకమ్మాయి దగ్గరికొచ్చి, “మేడమ్, 17కి 5 నిజమేనా, సినిమా కోసం పెట్టారా?” అని అడిగింది. ఫోన్లో స్కోరుకార్డు తీసి చూపించాను. వేలితో ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చి, “ఇంత పెద్దోలు కూడా సున్నాయేనా” అంది. మా జట్టులో ఎప్పుడూ బెంచీ మీద కూర్చునే పిల్ల ఇంకోటి అంది: “ఎదరున్న కిర్మాణీ 24 కొట్టకపోతే, కపిల్ 175 ఎక్కడివి మేడమ్?” నేను గంటసేపు చెప్పినా ఆ మాట వాళ్ళకి అలా తగలదు. కబడ్డీలో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే, అంటే సూపర్ టాకిల్‌కి, రెండు పాయింట్లు ఎందుకిస్తారో మర్నాడు విడిగా వివరించాల్సిన పని పడలేదు.

సినిమా మీద నాకున్న అభ్యంతరం కూడా చెప్పాలి. సరిహద్దులో సైనికుల ముక్క, అల్లర్ల ముక్క నాకు అక్కర్లేదనిపించాయి. ఉన్న నిజమే అంత పెద్దదైనప్పుడు పక్కన ఇంకోటి పేర్చక్కర్లేదు. ఒకటి చూడండి: అంతకుముందు రెండు ప్రపంచ కప్పుల్లో కలిపి మనవాళ్ళు గెలిచింది ఒక్క మ్యాచ్, 1975లో ఈస్ట్ ఆఫ్రికా మీద. డేవిడ్ ఫ్రిత్ అనే ఇంగ్లిష్ సంపాదకుడు ఇలాంటి జట్లు ఎందుకన్నట్టు రాశాడు. గెలిచాక ఆ మాటలు గుర్తుచేస్తూ ఉత్తరం వస్తే, ఫ్రిత్ తను రాసిన ఆ కాగితాన్ని నిజంగానే నమిలి మింగాడు. ఏ రచయిత ఇంతకంటే బాగా కల్పిస్తాడు?

‘దంగల్’ నాకు ప్రాణం. అయినా అందులో చివరి ఘట్టం ఇప్పటికీ మింగుడుపడదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గీతా ఫోగాట్ 55 కిలోల ఫైనల్ ఏకపక్షంగా గెలిచింది. సినిమాలో ఆఖరి క్షణం దాకా లాగారు, తండ్రిని గదిలో పెట్టి తాళం వేయించారు. అది జరగలేదు. ఒక ఆడపిల్ల ఎదుటివాళ్ళని అలా చిత్తుచేసి గెలిస్తే, దానికి విలన్ని అరువు తెచ్చుకోవడం ఎందుకు? నిజం తెలిశాక మా పిల్లలు చిన్నబుచ్చుకున్నారు.

ఈసారి 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ కథ ‘మైదాన్’ వేయించాలని ఉంది. కోచ్ రహీమ్ మన హైదరాబాదే. తలకి కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకి పంపి గోల్ కొట్టించాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. మరుసటి ఏడే క్యాన్సర్‌తో పోయాడు.

నేను తెర మీద అన్నిటికంటే ఎక్కువగా చూడాలనుకునేది మాత్రం మన ఊసవానిపేట కథ. ఆమదాలవలస పక్కనే, మా పిల్లలకి బస్సు దూరం. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, జెర్క్ 130, మొత్తం 240 ఎత్తి కంచు తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయురాలు. బంగారం, వెండి రెండిటికీ 242.5. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 వేయించుకుంది, అంటే నేరుగా బంగారానికే. బార్ నిలబడలేదు. ఎవరైనా ఈ కథ తీస్తే ఆ 137.5 దగ్గర ఆగండి, పాట వేయకండి. పతకం మెళ్ళో పడిన సీను కంటే అక్కడే మా పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు.

మళ్ళీ సర్వీసు సంగతి. పది అడుగుల తెర, ప్రొజెక్టరు, రెండు బాక్సులు, మనుషులు, టాటా ఏస్ కిరాయి కలిపి 3,500 తీసుకున్నారు. బడి పిల్లలకని కాస్త తగ్గించారు. జనరేటర్ డీజిల్ మన ఖర్చే, అది ముందే చెప్పరు, అడగండి. ఆరింటికి రమ్మంటే ఏడు దాటాక వచ్చారు. పిల్లల్ని చీకట్లో ఇళ్ళకి చేర్చాల్సిన మాలాంటి వాళ్ళకి ఆ గంట చాలా ఇబ్బంది, అది మార్చుకోవాలి. బొమ్మ వెలుగు బాగుంది. అయితే వెన్నెల రాత్రి పెట్టుకోకండి, నల్లని సీన్లు పాలిపోతాయి. సినిమా వాళ్ళు తేరు, మన ఖాతా మనకుండాలి. ఎండాకాలం సంబరాల రోజుల్లో ఖాళీ దొరకదు, బళ్ళకైతే సెలవులకి ముందే మాట్లాడుకోండి. అన్నగారికి ఫోను చేస్తే ఎత్తడు, తమ్ముడికి చేయండి.