కథా, ఆటా, యాప్ స్టార్లా: పిల్లకాయల చదువుకి ఏది మేలు?

ఎండాకాలం సెలవులు వస్తే చాలు, కావలి చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఇదే చర్చ. చదువు మర్చిపోకుండా పిల్లకాయలకి ఏం పెట్టాలి? ఫోన్‌లో యాప్ వేసిస్తే పాయింట్ల కోసమైనా చదువుతారని అమ్మానాన్నలు అంటారు. పులి-మేక, వామనగుంటలు ఆడిస్తే లెక్కలు వాటంతట అవే వస్తాయని తాతలు. ఇవన్నీ ఎందుకు, పడుకునేముందు ఒక కథ చెప్పండి చాలని అమ్మమ్మలు. ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు గానీ, మూడింటికీ ఒకే మార్కులు వెయ్యడం నాకు ఇష్టం లేదు.

ముందు యాప్ సంగతి తేల్చేద్దాం. స్టార్లు, బ్యాడ్జీలు, ఎన్ని రోజులుగా నాగా లేకుండా చేశావో చూపించే లెక్క మొదట్లో బాగానే లాగుతాయి. తర్వాత ఏం జరుగుతుందో పక్కన కూర్చుని చూడండి. రాత్రి నిద్రకి ముందు "అమ్మో, ఇవాళ్టిది పోతుంది" అని లేస్తారు. ఎప్పుడో అయిపోయిన సులువు పాఠాన్ని మళ్ళీ తెరుస్తారు. నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి నొక్కుకుంటూ పోయి, లెక్క తెగకుండా కాపాడుకుని పడుకుంటారు. వచ్చిన పాఠమే మళ్ళీ వచ్చింది, కొత్తగా ఒరిగింది ఏమీ లేదు.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వెయ్యడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లలు వాళ్ళు. కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, ఇచ్చారు. కొన్నాళ్ళకి అవే రంగు పెన్నులు మళ్ళీ ముందు పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్ళకన్నా తక్కువసేపు బొమ్మలు వేశారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో మాత్రం ఆసక్తి తగ్గలేదు. అందుకని పిల్లలు ఇష్టంగా చేసే పనికి స్టార్లు అంటగట్టకండి. స్పెల్లింగుల్లాంటివి, బొత్తిగా చేదుగా ఉండేవి మొదలుపెట్టించడానికి కొన్నాళ్ళు వాడుకుని మానెయ్యండి. నా దృష్టిలో యాప్ స్టార్లది మూడో స్థానం.

అసలు పోటీ ఆటకీ కథకీ మధ్యే.

ఎక్కాలు అప్పజెప్పమంటే కడుపునొప్పి వచ్చే పిల్లని వామనగుంటల ముందు కూర్చోబెట్టి చూడండి. గుంటలో ఎన్ని చింతపిక్కలున్నాయో వేలితో లెక్కపెట్టదు. ఒక్క చూపు చూసి, వాటిని పంచితే చివరి పిక్క ఎక్కడ పడుతుందో, దాని పక్క గుంట ఖాళీగా ఉందో లేదో, ఆ తర్వాతి గుంటలో తనకి దక్కేది ఎంతో మనసులోనే తేల్చేసుకుంటుంది. ఇది లెక్కలు కాకపోతే మరేమిటి?

పులి-మేక ఇంకా గట్టిది. మూడు పులులు, పదిహేను మేకలు. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది, వెనకే ఇంకో మేక ఉంటే దూకలేదు. ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వరసగా మేకలు పోగొట్టుకున్న పిల్లవాడు తనంతట తనే అంచుల్లోంచి పేర్చుకు రావడం మొదలుపెడతాడు. ఓడితే పోయేదేముంది, గీసిన గళ్ళు అక్కడే ఉంటాయి, మళ్ళీ పేర్చుకోవడమే. పరీక్ష పేపర్ మీద ఎర్ర సిరాతో పడిన మార్కుకి ఆ వీలు లేదు, టెన్షన్ అంతా అందుకే. ఆట అయ్యాక "ఇప్పుడు నువ్వు పులి" అంటారు చూడండి, నాకు బాగా నచ్చేది అదే. ఇందాకటిదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకుని కాచుకున్నవాడే ఇప్పుడు వేటాడాలి.

వైకుంఠపాళి కూడా మంచిదేగా అంటారు. అందులో పాపం, పుణ్యం, పెద్దపాము అన్నీ ఉన్న మాట నిజమే. కానీ నడిపేవి గవ్వలు, ఆడేవాడి బుర్రతో పనిలేదు. పొద్దుపోవడానికి పర్వాలేదు.

ఇక కథ. దీని బలం ఎంతో చెప్పడానికి నెల్లూరు జిల్లా దాటి వెళ్ళక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో పల్లెల్లో ఆడవాళ్ళు రాత్రిపూట చదువుకునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. అందులో సీతమ్మ ఊరి ఆడవాళ్ళని కూడగట్టి సారా అంగడి మూయిస్తుంది. కావలికి పడమటనున్న దూబగుంటలో ఆడవాళ్ళు నిజంగానే ఆ పని చేశారు. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ళ గెలుపు మళ్ళీ వాచకంలో పాఠమై పక్క ఊళ్ళకి పాకింది. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పగలంతా కూలికి పోయొచ్చి దీపం ముందు కూర్చున్న ఆ అమ్మలకి ఎవరూ స్టార్లు ఇవ్వలేదు. చదువుతున్న అక్షరాల్లో తమ ఇల్లు కనబడింది, అంతే. ఏ ఆటా ఇంత పని చెయ్యలేదు.

అయితే కథకి ఇంకో ముఖం కూడా ఉంది. నెల్లూరు సేనాని ఖడ్గతిక్కన యుద్ధంలోంచి వెనక్కొస్తే, భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచిందట, ఆడవాళ్ళకి పెట్టినట్టు. సిగ్గుపడి తిరిగి వెళ్ళి పోరాడి చనిపోయాడు. వినేటప్పుడు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఓడొచ్చినవాడు మగవాడే కాడని, ఆడతనమంటే లోకువని ఆ కథ చల్లగా చెవిలో వేసి పోతుంది. ఐదో తరగతి పిల్లవాడు దాన్ని ప్రశ్నించడు, మింగేస్తాడు.

ఆ యుద్ధం ఎవరితో? కాటమరాజుతో. కరువుకి మందలు తోలుకొచ్చిన కాటమరాజు ఒకవైపు, పుల్లరి, అంటే మేత పన్ను, అడిగిన నెల్లూరు రాజు నల్లసిద్ధి ఇంకోవైపు. కాటమరాజు కథ పాడే కొమ్మువాళ్ళ నోట విన్నవాళ్ళకి కాటమరాజే వీరుడు. ఖడ్గతిక్కన కథ విన్నవాళ్ళు నెల్లూరు పక్షం. ఒకే తగాదా, ఏ ఇంట్లో పుట్టావో దాన్నిబట్టి నీ పక్షం. కథ మనిషిని ఒకవైపే కూర్చోబెడుతుంది, ఆట లేపి అటు కూర్చోబెడుతుంది.

అందుకని నా తీర్పు ఇది. ఐదో తరగతి లోపు పిల్లలకి ఆటే మేలు, కథ పక్కన ఉండాలి. ఆరో తరగతికి వచ్చాక కథదే పైచెయ్యి, ఎందుకంటే "నాకెందుకీ చదువు" అని అడగడం అప్పుడే మొదలవుతుంది, దానికి చింతపిక్కలు జవాబు చెప్పలేవు. కాకపోతే కథని పులి-మేకలా చెప్పండి. కాటమరాజు కథ అయ్యాక ఒకణ్ణి "నా ఆవులు మేయకపోతే ఎట్టా బతుకుతాయి?" అని వాదించమనండి, ఇంకొకణ్ణి "నా బీట్లో మేపి పుల్లరి కట్టకపోతే ఎట్టా?" అనమనండి. మర్నాడు ఇద్దర్నీ తిరగెయ్యండి. మా పిల్లకాయలు మొదట ఒప్పుకోరు, "నేను నల్లసిద్ధి పక్క కూర్చోను" అని మొండికేస్తారు. బతిమాలొద్దు. ముందు పులి-మేక ఒక ఆట వేసి, పక్షం మార్చాక అడగండి.