మోనార్క్ సీతాకోకచిలుక గురించి పిల్లలకి ఏ కథ చెప్తే మేలు?

పడుకునే ముందు కథ చెప్పమంటే మా పాపకి నేను మొదట చెప్పింది మాట్లాడే గొంగళిపురుగు కథే, అందరం అదే చెప్తాం కదా. దానికి బుజ్జి అని పేరు పెట్టా, రెక్కలొచ్చాక వాళ్ళమ్మకి టాటా చెప్పి కెనడా నుంచి మెక్సికో ఎగిరెళ్ళిపోయి, చలికాలం అయిపోగానే మళ్ళీ ఇంటికొచ్చి అమ్మ పక్కన వాలుతుంది. పాప హాయిగా నిద్రపోయింది, నాకే మనసు ఊరుకోలేదు. వెళ్ళడం వరకు నిజమే గానీ తిరిగి ఇంటికి రావడం శుద్ధ అబద్ధం, వెళ్ళిన మోనార్క్ ఏదీ మళ్ళీ కెనడా చూడదు.

అప్పట్నుంచి మూడు రకాలుగా చెప్పి చూశా.

మొదటిది ఆ బుజ్జి కథే. మూడు నాలుగేళ్ళ పిల్లలకి దీన్ని మించింది లేదు, అందులో డౌట్ లేదు, పేరు పెట్టి కష్టం సుఖం చెప్తేనే వాళ్ళు పురుగుని చూసి ఛీ అనకుండా దగ్గరికెళ్తారు. కాకపోతే మనం చెప్పేటప్పుడు చేతికొచ్చినట్టు కలిపేస్తాం, కనిపించిన ఆకల్లా తినేసింది అంటాం, దారంతో గూడు అల్లుకుని లోపల పడుకుంది అంటాం. మోనార్క్ గొంగళిపురుగు మిల్క్‌వీడ్ జాతి (మన జిల్లేడులా పాలు కారే మొక్కలు) ఆకు మాత్రమే తింటుంది, ఆ మొక్క లేకపోతే మోనార్కే లేదు, అమెరికాలో మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపు మందులు కొట్టి ఆ మొక్కని తుడిచిపెట్టడం వల్లే చాలా నష్టం జరిగింది. "ఏదో ఒక ఆకు" అనేస్తే అసలు సంగతే పోయినట్టు. ఇంక గూడు అంటారా, అల్లదు. చిన్న పట్టు బొడిపె ఒకటి చేసి దానికి తలకిందులుగా వేలాడుతుంది, చర్మం చీలి పైకి ముడుచుకుపోతే కింద లేతాకుపచ్చ ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే దశ, బయటపడుతుంది, దాని మీద బంగారు చుక్కలు. ఇంత బాగుంటే మనం కల్పించడం ఎందుకో నాకర్థం కాదు.

ఇంకోటి కూడా చెప్తా, ఇది మా పాపకి భలే నచ్చింది. మిల్క్‌వీడ్ ఆకు కొరికితే తెల్లగా జిగురు పాలు కారతాయి, చిన్న పురుగైతే అందులో అంటుకుపోయి చచ్చిపోతుంది కూడా. అందుకని కాస్త ఎదిగిన పురుగు ముందు ఆకు ఈనెని కొరికేస్తుంది, పాలు రావడం తగ్గి ఆకు వాలిపోతుంది, అప్పుడు నింపాదిగా తింటుంది. పాప రెండు రోజులు చేతిలో ఏది పెట్టినా ముందు ఉత్తుత్తిగా ఒక కొరుకు కొరికి ఆగి తినేది.

రెండోది రిలే కథ, హీరో ఒక్కరు కాదు, వంశం మొత్తం. శరదృతువులో పుట్టిన తరం ఎనిమిది నెలల దాకా బతుకుతుంది, అర గ్రాము బరువు ఉంటుంది అంతే, కొన్నయితే 4,000 కిలోమీటర్ల పైనే ఎగిరి మెక్సికోలోని మిచోకాన్ కొండల్లో ఫర్ అనే సూదాకుల చెట్ల మీద గుత్తులు గుత్తులుగా చలికాలం గడుపుతాయి. మార్చిలో ఉత్తరానికి బయల్దేరి టెక్సాస్ వైపు గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఆ పిల్లలు ఇంకాస్త పైకెళ్ళి కొన్ని వారాలు బతికి పోతాయి, వాటి పిల్లలు ఇంకాస్త పైకి, అలా కెనడా చేరేసరికి మనవలో మునిమనవలో అవుతారు. మళ్ళీ చలి మొదలవగానే ఎప్పుడూ మెక్సికో మొహం చూడనివి సరిగ్గా అదే కొండలకి వెళ్తాయి. ఇంట్లో నలుగురం తలా ఒక తరం పంచుకుని చెప్పాం, నా వంతు అయిపోగానే నేను చచ్చిపోయినట్టు పడిపోవాలి.

పాప అడిగింది, మరి దారి ఎవరు చెప్పారు అని. బుజ్జి కథలో ఈ ప్రశ్న రానే రాదు. సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకుంటాయి, సూర్యుడు కదులుతుంటాడు కాబట్టి టైమ్ చూసుకోవడానికి మీసాల్లో గడియారం ఉంటుంది అని చెప్పా. ఆ చెట్ల దాకా కచ్చితంగా ఎలా వెళ్తాయో పెద్దవాళ్ళకి కూడా పూర్తిగా తెలీదంటే ఎంత సంతోషమో. చావు గురించి భయపెడతామేమో అని కొందరంటారు, నేనూ అనుకున్నా, ఆరేళ్ళు దాటిన పిల్లలు మనకన్నా బాగానే తట్టుకుంటారు.

మూడోది డిటెక్టివ్ కథ, ఎనిమిదేళ్ళ పైవాళ్ళకి. ఫ్రెడ్ అర్క్‌హార్ట్ అని కెనడా సైంటిస్టు, ఆయన భార్య నోరా, ఇవి చలికాలం ఎక్కడికి పోతున్నాయో తెలుసుకోవడానికి దశాబ్దాల తరబడి వెతికారు, రెక్కలకి చిన్న చీటీలు అంటించి వదిలేవాళ్ళు. చివరికి 1975 జనవరిలో వాళ్ళ తరఫున వెతుకుతున్న కెన్ బ్రగ్గర్, కటలీనా అగువాడో ఆ మెక్సికో కొండల్లో కనిపెట్టారు, అందులో కెన్‌కి రంగులు కనపడవట! ఆ మరుసటి ఏడాది అర్క్‌హార్ట్ స్వయంగా వెళ్తే ఆయన ముందే కొమ్మ ఒకటి సీతాకోకచిలుకల బరువుకి విరిగి పడింది, అందులో ఒకదాని రెక్కకి చీటీ ఉంది, అమెరికాలోని మినెసోటాలో ఒక టీచరూ ఇద్దరు స్టూడెంట్లూ అంటించింది. ఒక్క జాగ్రత్త, "కనిపెట్టారు" అనేసి వదిలేయొద్దు, ఆ కొండల ఊళ్ళవాళ్ళకి అవి ఎప్పట్నుంచో తెలుసు, నవంబర్ మొదట్లో వస్తాయి కాబట్టి పోయినవాళ్ళ ఆత్మలే వచ్చాయని నమ్మేవాళ్ళు.

కథలెందుకు, గుడ్లు కొనుక్కొచ్చి ఇంట్లో పెంచితే పోలా అంటారు కొందరు. అలా కొని ఇంట్లో పెంచినవాటికి దక్షిణ దిక్కు పట్టుకోవడం దెబ్బతింటోందని 2019లో ఒక స్టడీలో తేలింది, దానికన్నా బయట మొక్క దగ్గర కూర్చోబెట్టి చూపించడం నయం.

ఒక్కటే చెప్పాలంటే నా ఓటు రిలేకే, మరీ చిన్నపిల్లలైతే బుజ్జి పేరు ఉంచేసి మిల్క్‌వీడ్, ప్యూపా మాత్రం నిజంవి పెట్టండి. డిటెక్టివ్ కథలో నాకు కనపడిన చిక్కు ఏంటంటే పిల్లలు మనుషుల వెనకాల పడిపోయి సీతాకోకచిలుకని మర్చిపోతారని. నిన్న అదే కథ మళ్ళీ చెప్తూ చీటీ దొరికిన చోటికొచ్చి నేను గొంతు పెంచి చెప్తుంటే పాప మధ్యలో ఆపి, కొమ్మ విరిగింది కదా, దాని మీదవాటికి దెబ్బలు తగిలాయా, అది చెప్పు ముందు అంది.