రాజ్యం కోసం మతం మార్చుకున్న తాత, మతం కోసం రాజ్యం పోగొట్టుకున్న మనవడు: ఏది మేలు?

ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ, ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ వరసకు తాతా మనవళ్లు. హెన్రీ చిన్న కూతురు హెన్రియెట్టా మరియాను ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కిచ్చి పెళ్లి చేశారు. ఆ దంపతుల కొడుకే జేమ్స్. తాత 1610లో హత్యకు గురయ్యాడు, మనవడు 1633లో పుట్టాడు కాబట్టి ఒకరినొకరు చూడలేదు. కానీ ఇద్దరికీ ఎదురైన చిక్కు ఒకటే. రాజుది ఒక మతం, ప్రజల్లో ఎక్కువమందిది ఇంకొకటి. హెన్రీ ప్రొటెస్టంట్, అతని దేశం కేథలిక్. జేమ్స్ కేథలిక్, అతని దేశం ప్రొటెస్టంట్. తాత మతం మార్చుకుని రాజ్యం దక్కించుకున్నాడు. మనవడు మారలేదు, మూడేళ్ల పది నెలలకే సింహాసనం వదిలి పారిపోయాడు.

వీళ్లిద్దరినీ పోల్చేవాళ్లు చాలామంది తాతను అవకాశవాది అంటారు, మనవడిని నిజాయతీపరుడంటారు. ఇంకొందరు తాతది తెలివి, మనవడిది మొండితనం అని తేల్చేస్తారు. రెండు తీర్పులూ రాజు మనసు దగ్గరే ఆగిపోతున్నాయని నాకనిపిస్తుంది. వాళ్ల పాలనలో బతికిన మామూలు మనుషులకు, ముఖ్యంగా మైనారిటీ మతం వాళ్లకు ఏం ఒరిగిందో చూడాలి కదా. నేను ఆ వైపు నుంచి తూచి చూస్తాను.

ముందు హెన్రీ సంగతి. తల్లి జాన్ దాల్‌బ్రే నవార్ రాణి, గట్టి కాల్వినిస్టు, అంటే ప్రొటెస్టంట్లలో ఒక శాఖకు చెందినది. కొడుకును అదే నమ్మకంలో పెంచింది. 1572 ఆగస్టులో అతనికి ఫ్రాన్స్ రాజకుమారి మార్గరెట్‌తో పారిస్‌లో పెళ్లయింది. వారం తిరగకుండానే సెయింట్ బార్తలోమ్యూ పండుగ రోజున మారణకాండ మొదలైంది. పెళ్లికి వచ్చిన ప్రొటెస్టంట్ ప్రముఖులను, నగరంలోని వేల మందిని చంపారు. ప్రాణం దక్కించుకోవడానికి హెన్రీ కేథలిక్ అయ్యాడు. 1576లో రాజాస్థానం నుంచి తప్పించుకుని మళ్లీ పాత మతానికి వెళ్లాడు. మతం విషయంలో బలవంతం అంటే ఏమిటో ఒంటి మీద అనుభవించిన మనిషి అతను.

1589లో ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీని ఒక సన్యాసి కత్తితో పొడిచి చంపాక సింహాసనం వారసత్వంగా ఇతనికి వచ్చింది. కానీ ప్రొటెస్టంట్ రాజు వద్దన్న కేథలిక్కుల కూటమి, కేథలిక్ లీగ్, ఒప్పుకోలేదు. స్పెయిన్ డబ్బు, సైన్యం లీగ్ వైపున్నాయి. హెన్రీ ఆర్క్, ఇవ్రీ యుద్ధాల్లో గెలిచాడు, 1590లో పారిస్‌ను ముట్టడించాడు. లోపల జనం ఆకలితో వేలల్లో చనిపోయారు. అయినా నగరం తలుపు తీయలేదు. పార్మా డ్యూక్ స్పానిష్ సైన్యంతో వచ్చి ముట్టడి విడిపించాడు. యుద్ధభూమిలో గెలిచినా రాజధానిలో అడుగుపెట్టలేకపోయిన స్థితి అది. 1593లో లీగ్ తన సభను పిలిచి కొత్త రాజును ఎన్నుకునే ప్రయత్నం చేసింది. స్పెయిన్ రాజు తన కూతురు ఇసబెల్లాను ముందుకు తెచ్చాడు.

ఆ ఏడాది జులై 25న సెయింట్ డెనిస్‌లో హెన్రీ ప్రొటెస్టంట్ విశ్వాసాన్ని విడిచి దివ్యబలిపూజలో పాల్గొన్నాడు. పారిస్ కోసం ఒక పూజ చేయించుకుంటే తప్పేముందని అన్నాడని అందరూ చెప్పుకుంటారు గానీ, ఆ మాట అతను అన్నట్టు ఆనాటి ఆధారం ఏదీ లేదు. మరుసటి ఏడాది పట్టాభిషేకం షార్త్ర్‌లో జరిగింది, ఎందుకంటే ఆనవాయితీగా జరగాల్సిన రాంస్ ఇంకా లీగ్ చేతిలోనే ఉంది. 1594 మార్చి 22న దాదాపు రక్తపాతం లేకుండా పారిస్‌లోకి ప్రవేశించాడు. లీగ్ పెద్దలను ఒక్కొక్కరినీ డబ్బు, పదవులిచ్చి తన వైపు తిప్పుకున్నాడు. అతని మంత్రి సుల్లీ లెక్క ప్రకారం దానికి 3 కోట్ల లీవ్రలకు పైగా ఖర్చయింది. ఆ డబ్బు పన్నుల రూపంలో రైతు కట్టిందే. ఇది హెన్రీ పద్ధతిలో నాకు మింగుడుపడని భాగం. కానీ అదే డబ్బు ఇంకో పదేళ్ల యుద్ధానికి పోయి ఉంటే రైతుకు పొలం కూడా మిగిలేది కాదు.

హెన్రీ ఏ పని ముందు చేశాడు, ఏది తర్వాత చేశాడు అన్నది గమనించాలి. ముందుగా మెజారిటీకి భయం పోగొట్టాడు. 1595లో పోప్ ఎనిమిదో క్లెమెంట్ నుంచి క్షమాపణ పొందాడు. 1598లో స్పెయిన్‌తో సంధి కుదుర్చుకున్నాడు. ఆ ఏడాదే తన పాత సహచరులకు నాంత్ శాసనం ఇచ్చాడు. దాని ప్రకారం ప్రొటెస్టంట్లకు దేశమంతటా మనస్సాక్షి స్వేచ్ఛ ఉంటుంది, నిర్ణయించిన చోట్ల బహిరంగ ఆరాధన చేసుకోవచ్చు, ప్రభుత్వోద్యోగాల్లో చేరొచ్చు, వివాదాలు వస్తే ఇరు మతాల న్యాయమూర్తులుండే కోర్టులకు వెళ్లొచ్చు. రక్షణ కోసం కోట పట్టణాలు కూడా దక్కాయి. పారిస్‌లో మాత్రం ఆరాధనకు వీల్లేదు, కేథలిక్ చర్చికి దశమభాగం కట్టాల్సిందే. పూర్తి సమానత్వం కాదది. పారిస్ పార్లమాఁ, అంటే అక్కడి ఉన్నత న్యాయస్థానం, నమోదు చేయనని మొరాయించింది. హెన్రీ ఆ న్యాయమూర్తులను 1599లో లూవ్ర్‌కు పిలిపించి బతిమాలాడు, గద్దించాడు, కొన్ని సవరణలకు ఒప్పుకున్నాడు, చివరికి నమోదు చేయించాడు.

1562 నుంచి ఎనిమిది మతయుద్ధాలు చూసిన దేశం అది. జనం విసిగి ఉన్నారు. ఆ విసుగు హెన్రీకి కలిసివచ్చింది, జేమ్స్‌కు అలాంటి పరిస్థితి లేదు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే మనవడికి అన్యాయం చేసినట్టే.

మధ్యలో మూడో దారి కూడా ఉంది. జేమ్స్ అన్న రెండో చార్లెస్ నమ్మకాన్ని మనసులోనే దాచుకుని పాతికేళ్లు ఏలి, 1685 ఫిబ్రవరిలో మరణశయ్య మీద కేథలిక్ గురువు చేత సంస్కారాలు పుచ్చుకున్నాడు. సింహాసనం నిలిచింది. కానీ అతని హయాంలోనే, 1678లో, టైటస్ ఓట్స్ అల్లిన లేని కుట్ర కథను నమ్మి అమాయక కేథలిక్కులను ఉరితీస్తుంటే అతను ఆపలేదు. ఈ దారి మేలని నేను అనలేను.

ఇక జేమ్స్. ఇతను పిరికివాడేమీ కాదు. యువకుడిగా ప్రవాసంలో ఫ్రెంచ్ సైన్యంలో పోరాడాడు, తర్వాత ఇంగ్లండ్ నౌకాదళానికి అధిపతిగా చేశాడు. న్యూయార్క్ నగరానికి ఆ పేరు ఇతని బిరుదు వల్లే వచ్చింది. 1660ల చివర్లో కేథలిక్ మతం స్వీకరించాడు. 1673లో టెస్ట్ చట్టం వచ్చి ప్రభుత్వోద్యోగులంతా కేథలిక్ సిద్ధాంతాన్ని నిరాకరించాలంటే, ప్రమాణం చేయకుండా పదవి వదులుకున్నాడు. అతన్ని వారసత్వం నుంచి తప్పించాలని 1679 నుంచి 1681 వరకు పార్లమెంటులో పెద్ద పోరాటం నడిచింది. విగ్‌లు, టోరీలు అనే రాజకీయ పక్షాల పేర్లు అప్పుడే స్థిరపడ్డాయి. ఇంత జరిగినా నమ్మకాన్ని దాచలేదు. ఆ ధైర్యానికి నేను మనస్ఫూర్తిగా గౌరవం ఇస్తాను.

1685లో గద్దెనెక్కినప్పుడు దేశం అతన్ని ఒప్పుకుంది. కొత్త పార్లమెంటు జీవితకాలానికి సరిపడా ఆదాయం మంజూరు చేసింది. రెండో చార్లెస్‌కు పెళ్లి కాని బంధంలో పుట్టిన కొడుకు మన్మత్ డ్యూక్ తిరగబడితే జనంలో ఎక్కువ భాగం రాజు పక్షానే నిలిచింది. అంటే రాజు కేథలిక్ కావడం ఒక్కటే ఇంగ్లండ్‌కు అడ్డు కాలేదు. అందుకే జేమ్స్ మతం మార్చుకుని ఉండాల్సిందన్న వాదనతో నేను ఏకీభవించను. హెన్రీకి మారడం తప్పనిసరి, జేమ్స్‌కు ఆ అవసరమే లేదు.

చెడింది తర్వాతే. తిరుగుబాటు అణిచాక జడ్జి జెఫ్రీస్ కోర్టులు వందల మందిని ఉరితీశాయి, ఇంకా వందల మందిని వెస్టిండీస్‌కు కట్టుబానిసలుగా పంపాయి. టెస్ట్ చట్టాన్ని పక్కన పెట్టి సైన్యంలో కేథలిక్ అధికారులను నియమించాడు. పార్లమెంటు అడ్డు చెబితే వాయిదా వేశాడు, అది మళ్లీ కూర్చోలేదు. ఒప్పుకోని జడ్జీలను తొలగించి, చట్టం నుంచి మినహాయింపు ఇచ్చే హక్కు రాజుకు ఉందనే తీర్పును 1686లో రాబట్టుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో మాడ్లిన్ కాలేజీ తాను చెప్పినవాడిని అధ్యక్షుడిగా ఎన్నుకోలేదని అక్కడి ఫెలోలను, అంటే కాలేజీ సభ్యులైన పండితులను, వెళ్లగొట్టించాడు. చర్చి పక్షాన, రాజు పక్షాన నిలిచిన టోరీలే అతనికి అసలు బలం, వాళ్లనే దూరం చేసుకున్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇతని సొంత కూతురు ఆన్ కూడా చివరికి ఎదుటి పక్షంలో చేరింది.

1687 ఏప్రిల్‌లో జేమ్స్ ఇచ్చిన స్వేచ్ఛా ప్రకటనను మాత్రం విడిగా చూడాలి. కేథలిక్కులకు, చర్చి ఆఫ్ ఇంగ్లండ్‌లో చేరని ప్రొటెస్టంట్లకు ఆరాధన స్వేచ్ఛ ఇచ్చింది, ఉద్యోగాలకు మతపరమైన పరీక్షలు తీసేసింది. కాగితం మీద చూస్తే తాత శాసనం కంటే ఇదే విశాలమైనది. చోట్ల పరిమితులు లేవు, దశాబ్దాలుగా జైళ్లలో మగ్గిన క్వేకర్లు అనే ప్రొటెస్టంట్ శాఖవాళ్లకు ఊపిరి అందింది. క్వేకర్ నాయకుడు విలియం పెన్ దీన్ని మనసారా సమర్థించాడు. నాంత్ శాసనానికీ దీనికీ పోటీ పెడితే ఉద్దేశంలో నా ఓటు దీనికే.

కానీ చట్టాలను రాజు తన ఇష్టంతో ఆపేయగలడంటే, రేపు ఈ ప్రకటననూ ఆపేయగలడు. ఈ భయానికి కళ్లెదుటే సాక్ష్యం ఉంది. హెన్రీకే మరో మనవడైన పద్నాలుగో లూయీ, శాశ్వతం అని రాసి ఉన్న నాంత్ శాసనాన్ని 1685 అక్టోబరులో రద్దు చేశాడు. సుమారు 2 లక్షల మంది ప్రొటెస్టంట్లు ఫ్రాన్స్ వదిలి పారిపోయారు. వాళ్లలో వేల మంది లండన్‌లోనే దిగారు. కేథలిక్ రాజు మాట ఎంతకాలం నిలుస్తుందో ఇంగ్లండ్ జనం ఆ శరణార్థుల నోటనే విన్నారు. తాత శాసనాన్ని ఒక మనవడు చింపితే దెబ్బ ఇంకో మనవడికి తగిలింది.

1688లో ఆ ప్రకటనను చర్చిల్లో చదవాలని ఆజ్ఞ వచ్చింది. ఏడుగురు బిషప్‌లు కుదరదని విన్నవిస్తే వాళ్ల మీద కేసు పెట్టించాడు. జూన్ 10న జేమ్స్‌కు కొడుకు పుట్టాడు. అంతవరకు జనం ఓపిక పట్టింది ప్రొటెస్టంట్ కూతురు మేరీ వారసురాలని. ఇప్పుడు కేథలిక్ వంశం స్థిరపడిపోతుందని టెన్షన్ మొదలైంది, ఆ బిడ్డను మంచం వేడిచేసే పళ్లెంలో పెట్టి దొంగచాటుగా తెచ్చారనే పుకారు ఊరూరా పాకింది. జూన్ 30న బిషప్‌లు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే రోజు ఏడుగురు ప్రముఖులు మేరీ భర్త, డచ్ నాయకుడు విలియంకు ఆహ్వానం పంపారు. నవంబరు 5న అతను సుమారు 15 వేల సైన్యంతో టోర్‌బేలో దిగాడు. ఆ సైన్యంలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రొటెస్టంట్ అధికారులూ ఉన్నారు. డిసెంబరులో జేమ్స్ రాజముద్రను థేమ్స్‌లో పారేసి పారిపోయాడు.

ఇప్పుడు తూకం వేద్దాం. హెన్రీ ఇచ్చింది తక్కువ, కానీ ఎదుటివాళ్లతో కూర్చుని, బేరమాడి, వాళ్ల కోర్టులోనే నమోదు చేయించి ఇచ్చాడు. అది 87 ఏళ్లు నిలిచింది. చివరి యాభై ఏళ్లకు పైగా చాలా బలహీనపడింది, 1629లోనే కోటలు పోయాయి. అయినా మూడు తరాల పిల్లలకు ప్రొటెస్టంట్లుగా పుట్టి ప్రొటెస్టంట్లుగా బతికే వీలు దక్కింది. జేమ్స్ ఇచ్చింది ఎక్కువ, కానీ ఒంటరిగా ఇచ్చాడు, అది రెండేళ్లు కూడా నిలవలేదు. ఇంగ్లండ్‌లో కేథలిక్కులు నూటికి ఒకరో ఇద్దరో. నెమ్మదిగా వెళ్లమని పోప్ పదకొండో ఇన్నోసెంట్ కూడా సూచించాడు. కాబట్టి పాలనా పద్ధతిగా హెన్రీదే మేలని నేను చెబుతాను, సందేహం లేకుండా.

హెన్రీ పద్ధతిలోనూ లోపం ఉంది. తర్వాతి రాజు ఒక్క సంతకంతో రద్దు చేయగలిగాడంటే, దాన్ని కాపాడే బలం వేరే ఏ సభకూ లేనట్టే. జేమ్స్ ఓటమి తర్వాత ఇంగ్లండ్ ఆ లోపాన్ని సరిచేసింది. 1689 హక్కుల బిల్లు పార్లమెంటు అనుమతి లేకుండా రాజు చట్టాలను ఆపడాన్ని నిషేధించింది. అదే ఏడాది వచ్చిన సహన చట్టం చర్చికి వెలుపలి ప్రొటెస్టంట్లకు పార్లమెంటు చేతుల మీదుగా ఆరాధన స్వేచ్ఛ ఇచ్చింది. కానీ అందులో కేథలిక్కులకు చోటు లేదు. మన పాఠ్యపుస్తకాల్లో రక్తరహిత విప్లవం అని చదివింది ఐర్లండ్‌లో రక్తం చిందించింది. ఫ్రాన్స్ చేరిన జేమ్స్ రాజ్యం తిరిగి దక్కించుకోవడానికి ఐర్లండ్‌లో దిగాడు, అతని పక్షం చేసిన డెర్రీ పట్టణ ముట్టడి 105 రోజులు సాగింది. 1690లో బోయిన్ నది దగ్గర జేమ్స్ ఓడి మళ్లీ ఫ్రాన్స్ చేరాడు. తర్వాత వచ్చిన చట్టాలు ఐరిష్ కేథలిక్కుల భూమిని, చదువును, ఓటును లాక్కున్నాయి. బ్రిటిష్ పార్లమెంటులో కేథలిక్కులు కూర్చోవడానికి 1829 దాకా ఆగాల్సి వచ్చింది.

జేమ్స్ 1701 సెప్టెంబరులో పారిస్ దగ్గర సెయింట్ జెర్మేన్‌లో చనిపోయాడు. ఆ ఏడాదే చేసిన వారసత్వ చట్టం కేథలిక్కులు బ్రిటిష్ సింహాసనం ఎక్కకూడదని తేల్చింది. 2013లో చేసిన సవరణతో వారసులు కేథలిక్కులను పెళ్లాడితే హక్కు పోదని మార్చారు గానీ, రాజో రాణో కేథలిక్ కాకూడదన్న నిబంధన ఇప్పటికీ అలాగే ఉంది.