కార్తీకంలో పండుగప్పకు రబ్బరు చేప: కొన్ని సీజన్లు వాడాక నా మాట

మా నెల్లూరు తీరంలో గాలం వేసేవాళ్లకు ఆశ్వయుజం చివర మొదలై మార్గశిరం దాకా నడిచేదే అసలు సీజను. జిల్లాకు ఏడాదంతా పడే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. ఆ నీళ్లు చెరువులు అలుగు పారి, వాగులు, రొయ్యల గుంటల డ్రైన్లు దాటి బకింగ్‌హాం కాలువలోకి, ఉప్పుటేర్లలోకి, అక్కడినుంచి సముద్రంలో కలిసే మొగల్లోకి దిగుతాయి. ఎండాకాలమంతా ఇసుక మేటేసి మూసుకుపోయిన చిన్న మొగలు ఈ వానలకే తెగుతాయి. నీళ్లతోపాటు రొయ్య పిల్లలు, కత్తిపరిగ పిల్లలు, జిలేబీ చేపలు బయటికి కొట్టుకొస్తాయి. వాటికోసం పండుగప్ప చేప వచ్చి కాపు కాస్తుంది. మైపాడు వైపు కాలువలు, కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు, ఇసకపల్లి వైపు, ఇంకా పైకి పోతే గుండ్లకమ్మ మొగ, కొత్తపట్నం చుట్టుపక్కల నేను ఈ కాలంలో ఎక్కువగా వాడేది మెత్తటి ప్లాస్టిక్ స్విమ్‌బెయిట్లు. చేప ఆకారంలో ఉండి, వెనక గరిటె లాంటి తోక అటూ ఇటూ కొట్టుకునే రకం. మనవాళ్లు రబ్బరు చేప అంటారు.

ముందే చెప్పేస్తాను: కొనదగ్గ సరుకే. అయితే నాకు చేపను తెచ్చిపెట్టింది ప్యాకెట్ మీద పెట్టిన డబ్బు కంటే, దాన్ని గుచ్చే జిగ్ హెడ్, అంటే సీసం తలతో వచ్చే కొక్కెం, మీద పెట్టిన శ్రద్ధే ఎక్కువ.

ఈ సరుకులో చాలా భాగం లార్జ్‌మౌత్ బాస్ అనే అమెరికా మంచినీటి చేపను మనసులో పెట్టుకుని తయారైంది. అక్కడ ఆకులు రాలే కాలంలో నీరు చల్లబడగానే షాడ్ అనే చిన్న చేపల గుంపులు రిజర్వాయరు నడిమి నుంచి వాగు పాయల్లోకి ఎక్కుతాయి, బాస్ వాటి వెనకాలే పోతుంది. అందుకే వాళ్ల వీడియోల్లో పాయల లోపలికి వెళ్లి వేయమంటారు. మన దగ్గర దారి తిరగబడుతుంది. ఇక్కడ మేత లోపలినుంచి బయటికి వస్తుంది, పండుగప్ప ఆ దారికి అడ్డంగా నిలబడుతుంది. కాబట్టి మీరు నిలబడాల్సింది డ్రైను వచ్చి కాలువలో కలిసేచోట, తూము నోట్లో, వంతెన స్తంభాల వెనక నీరు సుడి తిరిగేచోట. వీడియో చూసి కాలువ పైకంటా నడుచుకుంటూ పోతే కాళ్ల నొప్పులే మిగులుతాయి.

ఆ బాస్‌కూ మన పండుగప్పకూ చుట్టరికం లేదు. మనది ఆస్ట్రేలియావాళ్లు బారాముండి అని పిలిచే చేప. కానీ తినే పద్ధతి రెండింటిదీ ఒకటే: వెంటపడి కరవడం తక్కువ, దగ్గరికి రాగానే నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా లోపలికి గుంజడం ఎక్కువ. జిగ్ హెడ్ బరువు సంగతి ఇక్కడే వస్తుంది. నీళ్లతోపాటు లోపలికి పోవాలంటే ఎర తేలికగా ఉండాలి. 21 గ్రాముల సీసం తల వేస్తే దూరం బాగా పడుతుంది, కానీ చేప గుంజినా ఎర సగంలోనే ఆగుతుంది. చేతికి టక్‌మని తగిలి ఖాళీగా వస్తుంది. 7 నుంచి 10 గ్రాముల తలతో నాలుగంగుళాల చేప వేసినప్పుడు గాలం పై దవడ మూలలో దిగడం బాగా పెరిగింది. మొగలో నీటి లాగుడు గట్టిగా ఉన్నప్పుడు మాత్రం 14 గ్రాములు. అంతకు మించి బరువు కావాల్సిన నీళ్లలో నేను ఈ సరుకు వేయను.

ఇక కొక్కెం. సన్నటి తీగతో చేసిన జిగ్ హెడ్లు చూడ్డానికి బాగుంటాయి, పదునుగా ఉంటాయి, పండుగప్ప ఒక్కసారి గాల్లోకి ఎగిరి తల విదిలిస్తే నిటారుగా సాగిపోతాయి. ప్యాకెట్‌తో కలిపి అమ్మే చవక తలల్లో నాకు ఇదే ఎదురైంది, ఒకసారి కాదు. మందం తీగతో చేసిన 4/0 సైజు కొక్కెం తీసుకోండి. ఎరను గుచ్చాక కొక్కెం మొన తోకకూ తలకూ మధ్యలో వీపు మీద బయటపడాలి. మరీ వెనక్కి పోతే తోక ఆడదు, మరీ ముందుకుంటే తోక పట్టుకున్న చేప దొరకదు. గుచ్చేముందు ఎరను జిగ్ పక్కన ఆనించి మొన ఎక్కడ రావాలో గోరుతో గుర్తు పెట్టుకుంటే వంకర రాదు. ఒక్క పిసరు వంకరున్నా ఎర నీళ్లలో పక్కకు పల్టీ కొడుతుంది, అలాంటి దాన్ని పండుగప్ప ముట్టదు.

లాగడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ ఎరకు ప్రాణం తోక దగ్గరుండే సన్నటి మెడ. నీళ్లు ఆ గరిటెను తోస్తే మెడ వంగి తోక కొట్టుకుంటుంది. మంచి సరుకులో మెడ సన్నగా, మెత్తగా ఉంటుంది, రీలు ఎంత నెమ్మదిగా తిప్పినా ఆడుతుంది. గట్టి ప్లాస్టిక్ రకాలు వేగంగా లాగితే గాని కదలవు, ఆ వేగం మన కాలువలకు పనికిరాదు. కొన్నాక తొలిసారి వేసేముందు కాళ్ల దగ్గర నీళ్లలో ఒక బార దూరం లాగి చూడండి, అక్కడే తెలిసిపోతుంది. నేను నేలకు తగిలేదాకా దింపి, రాడ్ కొసలో తోక కొట్టుకోవడం సన్నగా తెలిసేంత వేగంతో తిప్పుతాను. నాలుగైదు చుట్లకొకసారి ఆపుతాను. ఆపినప్పుడు ఎర తల కిందకు పెట్టి జారుతుంది. పడేవాటిలో ఎక్కువ ఆ జారుడులోనే పడతాయి. అందుకే ఆపినా దారం వదులు కానివ్వకూడదు.

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం సంగతి చెప్తాను, ఈ ఎర ఎలా పనిచేస్తుందో అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. ఒక రొయ్యల గుంట పట్టుబడికి నీళ్లు వదిలారు, తూము కింద డ్రైనులో నీరు తేట నీళ్లూ బురద నీళ్లూ గీత గీసినట్టు విడిపోయి పారుతోంది. ఎరను బురద వైపు వేసి గీత దాటించి తేట వైపు తెచ్చాను. మోకాలి లోతు నీళ్లలో అది వస్తుండటం కనిపిస్తూనే ఉంది. ఆపాను. జారింది. కింద నేల రంగే కాస్త కదిలినట్టయింది, ఎర కనబడకుండా పోయింది. అంతే. తరుముకు రావడం గానీ, కరవడం గానీ కనపడలేదు. ఆ తర్వాతే టప్‌మన్న చప్పుడు, దారం పక్కకు కోసుకుపోవడం. బయటికి తీశాక చూస్తే ఎర మొత్తం నోట్లో లేదు, దారం మీదకు జారి పైకొచ్చి ఉంది. కొక్కెం ఒక్కటే దవడ మూలలో. ఎర ఒంటి మీద సన్నటి గరుకు గీతలు, ఇసుక కాగితంతో రుద్దినట్టు. పండుగప్పకు కోర పళ్లు ఉండవు, నోరంతా ఆ గరుకే.

ఆ గరుకుకే లీడర్, అంటే ఎరకు ముందు కట్టే దారం ముక్క, తెగుతుంది. 20 పౌండ్ల బ్రెయిడ్‌కు (అల్లిక దారానికి) ముందు మీటరు పొడవున 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ కట్టండి, ప్రతి చేప తర్వాతా వేళ్లతో తడిమి గరుకు తగిలినంత మేర కోసేసి మళ్లీ ముడి వేయండి. మొప్పల మూతల అంచు బ్లేడులా ఉంటుంది. పట్టుకునేటప్పుడు చేయి అటువైపు పోనివ్వొద్దు, దవడ పట్టుకునే గ్రిప్ వాడండి.

మన్నిక విషయంలో ఈ సరుకు మీద నాకు ఫిర్యాదు ఉంది. బాగా ఆడే మెత్తటి రకాలు ఒకటి రెండు చేపలకే ముక్కు దగ్గర చీలిపోతాయి. కండ పట్టని చిన్న చేపలు, పొట్ట ఉబ్బించుకునే చేపలు తోకలు కొరుక్కుపోతాయి. దిగుమతి ప్యాకెట్ ఒక్కదాని ధరకు కిలో వనామీ రొయ్య వస్తుంది, కాబట్టి బాధే. జిగ్ మెడ మీద ఒక చుక్క సూపర్ గ్లూ వేసి ఎరను పైకి తోస్తే ఆయుష్షు బాగా పెరుగుతుంది. జెడ్‌మ్యాన్ కంపెనీవాళ్ల ఎలాజ్‌టెక్ లాంటి సాగే పదార్థంతో వచ్చేవి ఇంత తేలిగ్గా చిరగవు, పైగా నీళ్లలో తేలతాయి కాబట్టి జిగ్ నేలన ఆగినా తోక పైకి లేచి ఉంటుంది. వాటిని మాత్రం మామూలు ప్లాస్టిక్ ఎరలతో ఒకే డబ్బాలో పెట్టొద్దు, రెండూ కరిగి అంటుకుపోతాయి. ఒంగోలు ఎండల్లో బండి డిక్కీలో వదిలినా ఏ రకమైనా పాడవుతుంది. వంకర పోయిన మామూలు రకాన్ని వేడి నీళ్లలో ముంచి, చాపి, చల్లటి నీళ్లలో వేస్తే తిరిగి సరవుతుంది.

రంగుల గురించి పెద్దగా రాయను. తేట నీళ్లకు కత్తిపరిగలా వెండి, వాన నీళ్లు కలిసి ఎర్రబారితే బంగారు రంగో, ముదురు రంగో. దుకాణాల్లో కనిపించే మిగతా ఇరవై రంగులూ మనకోసం, చేపకోసం కాదు.

కాలువ గట్టున రొయ్య గుచ్చి కూర్చునే ఒక పెద్దాయన నా డబ్బా చూసినప్పుడల్లా అంటాడు: "ఏందబ్బయా, ఇంత డబ్బు బెట్టి రబ్బరు ముక్క కొనే బదులు, బతికిన రొయ్య గుచ్చితే సరిపోదా?" ఆయన మాటలో నిజం ఉంది. నీరు చిక్కటి బురదగా ఉన్న రోజున బతికిన రొయ్యే గెలుస్తుంది, వాసనా కదలికా రెండూ దానికే ఉన్నాయి. కానీ రొయ్యకు ముందు జెల్లలు పడతాయి, పీతలు కొరుకుతాయి, ఒకేచోట కూర్చోవాలి. రబ్బరు చేపతో గంటలో అరకిలోమీటరు గట్టు మొత్తం వెతికేయొచ్చు. పండుగప్ప ఎక్కడ నిలబడిందో తెలియనప్పుడు ఆ తేడా చాలా పెద్దది. నేను రబ్బరుతో వెతుకుతాను, చేప ఉందని తెలిసి కూడా ముట్టకపోతే పెద్దాయన దగ్గర రెండు రొయ్యలు అడుగుతాను. ఇస్తాడు కూడా.

వేళ విషయానికొస్తే, మన తీరంలో ఆటుపోట్ల తేడా పెద్దది కాదు, మీటరు అటూ ఇటూ. అందుకే అమావాస్య, పున్నమి చుట్టూ ఉండే రోజులు వదులుకోకండి, అష్టమి నవముల్లో నీరు సరిగా కదలదు. పోటు నిండి ఆటు మొదలైన తొలి రెండు గంటలు, అందులోనూ అవి పొద్దుగూకే వేళతో కలిస్తే, మిగతా రోజంతా ఒక ఎత్తు, ఆ రెండు గంటలు ఒక ఎత్తు. కార్తీక పున్నమికి ఆటు బాగుంటుంది గానీ మైపాడు, కొత్తపట్నం బీచుల్లో స్నానాల జనం ఉంటారు. ఆ పూట మొగలు వదిలి లోపలి కాలువలకు వెళ్లండి. డిసెంబరు చలి ముదిరాక తెల్లవారుజామున చేప మందకొడిగా ఉంటుంది, ఎండ కాస్త ఎక్కాక మొదలుపెట్టినా నష్టం లేదు.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు, పై రిజర్వాయర్ల నుంచి నీళ్లు వదిలారని తెలిసినప్పుడు మొగ ఇసుక మీద నిలబడొద్దు. 2021 నవంబరులో పెన్నా ఊళ్ల మీదికి ఎలా వచ్చిందో మనందరం చూశాం. వరద తగ్గి, నీరు టీ రంగు నుంచి ఆకుపచ్చకు తిరగడం మొదలైనప్పుడు వెళ్లండి. ఆ మార్పు మొదలైన రోజుల్లో పడినన్ని చేపలు నాకు ఇంకెప్పుడూ పడలేదు.

మడ చెట్ల వేళ్లు, ఆలిచిప్పల గుట్టలు ఉన్నచోట మామూలు జిగ్ హెడ్ వేస్తే అక్కడే మిగిలిపోతుంది. అక్కడికి పొట్ట దగ్గర బరువున్న వెడల్పు కొక్కెం వాడి, మొనను ఎర వీపులోనే దాచి పెట్టండి. చేప తగిలినప్పుడు రాడ్‌ను మామూలుకంటే గట్టిగా వెనక్కి గుంజాలి, అంతే తేడా.

పెద్దవి పడితే వదిలేయమని అడుగుతాను. పండుగప్ప మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. కాబట్టి మన చేతికొచ్చే బాగా పెద్ద చేప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టే తల్లే. పులుసుకు ఒకటిన్నర, రెండు కిలోలది చాలు, రుచి కూడా దానిదే. స్విమ్‌బెయిట్‌కు ఒక్క కొక్కెమే కాబట్టి విడిపించడం సులువు, మూడు ముళ్ల కొక్కేలుండే గట్టి ప్లాస్టిక్ లూర్లతో (బొమ్మ ఎరలతో) ఆ పని చేప కళ్లు, మొప్పలు చీల్చకుండా కాదు. ఈ ఎరను నేను వదలకపోవడానికి ఇదీ ఒక కారణం.

చిరిగిన ఒళ్లు, తెగిన తోకలు నీళ్లలో పారేయొద్దు. అవి కరగవు, చేపలు మింగుతాయి. నేను జిప్ కవరులో ఇంటికి తెచ్చుకుంటాను. మామూలు ప్లాస్టిక్ రకమైతే చీలిన రెండు అంచులనూ కొవ్వొత్తి మంటకు కాస్త చూపించి, మెత్తబడగానే ఒకదానికొకటి నొక్కిపట్టి నీళ్లలో ముంచితే అతుక్కుంటుంది. వసారాలోనో డాబా మీదో చేయండి, ఆ పొగ పీల్చకూడదు. అలా అతికించినవి గట్టు పరిస్థితి తెలియని కొత్త చోట్ల మొదటి విసుర్లకు వాడతాను, పోయినా దిగులుండదు.